రెండు సైలెన్సర్ల సాక్ష్యం

రాజ్‌దూత్ 350 మిస్సింగ్ కొడుతోందంటే చాలామంది చెయ్యి నేరుగా కార్బురేటర్ స్క్రూల మీదికే పోతుంది. ఆ బండిని ఎరిగిన పాత మేస్త్రీలు అలా చెయ్యరు. ముందు ఏ సిలిండర్ పడిపోయిందో తేల్చుకుంటారు. ఇంజన్ స్టార్ట్ చేసి, కాసేపాగి, రెండు సైలెన్సర్ గొట్టాల మొదట్లో నాలుగేసి నీటిచుక్కలు చిలకరిస్తారు. ఒకవైపు చుర్రుమంటాయి, రెండోవైపు జారిపోతాయి. జబ్బు ఆ రెండోవైపే.

యమహా ఆర్డీ 350ని ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి ఈ పేరుతో మన దేశంలో తయారుచేసింది. 347 సీసీ, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. పాయింట్లు, కండెన్సర్, కాయిల్ కూడా ఏ సిలిండర్‌కు ఆ సిలిండర్‌కే. కాబట్టి బాగున్న సిలిండరే బాగాలేనిదానికి కొలబద్ద. ప్లగ్గులు అటుదిటు మార్చండి. మిస్సింగ్ ప్లగ్గు వెంట వెళ్తే తప్పు దానిదే. వెళ్లకపోతే కాయిల్ మార్చి చూడాలి. ఇక్కడ జాగ్రత్త: ప్లగ్గు వైరుతోపాటు పాయింట్ల నుంచి వచ్చే వైరూ మార్చాలి. రెండు సిలిండర్లూ అరచుట్టు తేడాతో పేలతాయి గనక ఒక్క ప్లగ్గు వైరే మారిస్తే నిప్పురవ్వ వేళకాని వేళ పడుతుంది. ఒకసారికి ఒక్క మార్పే, అది తప్పనిసరి.

చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచి, వేడెక్కాక మొరాయిస్తే కాయిల్‌నో కండెన్సర్‌నో అనుమానించాలి. పాయింట్లు నల్లగా కాలి ఉంటే కండెన్సర్ పోయి ఉండొచ్చు. వాటి సందు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉండాలి.

కరెంటు సరిగ్గా ఉందని తేలాకే పెట్రోలు జోలికి వెళ్లాలి. ప్లగ్గు మొన ఇటుకరంగులో ఉంటే మంచిది. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లబడితే మాత్రం బండి నడపకండి, పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతోందన్నమాట. కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్యనుండే రబ్బరు పల్నాడు ఎండలకు బీటలిస్తుంది. దాని చుట్టూ గ్రీజు పూసి చూడండి. శబ్దం కుదుటపడితే దొంగ దొరికినట్టే. మాచవరం నుంచి పిడుగురాళ్లవైపు తిరిగే బండికి సున్నపురాయి దుమ్ము బెడద కూడా ఉంది, ఫిల్టర్ తరచూ దులపాలి. ఐడిలింగ్‌లో మాత్రమే మిస్సయితే పైలట్ జెట్టు పూడింది. నెలల తరబడి నిలిపి ఉంచిన బండ్లలో ఇదే ఎక్కువ.

చివరిది ట్యూనింగ్. యాక్సిలేటర్ వైరు ఒకటే వచ్చి, లోపల రెండు కార్బురేటర్లకూ ఆయిల్ పంపుకూ చీలుతుంది. ఫిల్టర్ గొట్టాలు తీసి, ఒక్కో స్లైడు కింద ఒక వేలు పెట్టి, యాక్సిలేటర్ మెల్లగా తిప్పితే రెండూ ఒకే క్షణంలో లేవాలి. వెంట్రుకవాసి తేడానూ ఆ వేళ్లు పసిగడతాయి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలొచ్చాక కొత్త బండ్లలో చాలావరకు కార్బురేటరే లేదు, లోపాన్ని స్కానర్ చెబుతుంది. ఈ పాత విద్యకు పుస్తకం దొరుకుతుంది గానీ ఆ వేళ్ల నేర్పు పక్కన కూర్చుంటేనే వస్తుంది. మీ ఊళ్లో అలాంటి మేస్త్రీ ఉంటే, బండ్ల పిచ్చి ఉన్న కుర్రాణ్ణి ఒకణ్ణి ఇప్పుడే ఆయన దగ్గర పనికి పెట్టండి.