ఒక్కతె చూసిన నగరం

ఒక పెద్ద నగరాన్ని ఒక్క రోజులో కాలినడకన తిరిగి చూసిన తెలుగు రచన ఏదని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది 'క్రీడాభిరామం'. అది వినుకొండ వల్లభరాయని పేరు మీద ఉన్న వీథి నాటకం. కాదు, శ్రీనాథుడిదే అని వాదించేవారూ ఉన్నారు. కర్త ఎవరైనా కథ చిన్నదే. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు పొద్దున్నే బయలుదేరి రాత్రిదాకా కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. అంగళ్ళు, గుళ్ళు, కోడిపందేలు, వేశ్యవాటికలు, పూటకూళ్ళ ఇల్లు అన్నీ చూస్తారు. పూటకూళ్ళ ఇంట్లో ఏమేం వడ్డిస్తారో, దానికి ఎంత పుచ్చుకుంటారో కూడా కవి చెప్పాడు. ఒక్క రూక.

ఈ రూక దగ్గర కాస్త ఆగుదాం. తక్కువ ఖర్చుతో ఊరు చూడటానికి వచ్చినవాడికి భోజనం ఎంతకు దొరుకుతుందనేది ముఖ్యమైన సమాచారం. కవి దాన్ని పద్యంలో పెట్టాడు, మనం తరతరాలుగా మెచ్చుకున్నాం. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) ఈ నాటకంలోని తిండినీ ఆటలనూ వీధులనూ చరిత్రకు ఆధారాలుగా స్వీకరించింది. మంచిదే. మగవాళ్ళు రాసుకున్న లెక్క సాంఘిక చరిత్ర అయింది. అదే లెక్కను ఒక స్త్రీ రాస్తే ఏమవుతుంది?

నా పరిశోధన యాత్రా సాహిత్యం మీద. కొన్నేళ్ళ కిందట ఒక సదస్సులో, ఒంటరిగా తిరిగిన స్త్రీల యాత్రా కథనాల గురించి పత్రం చదివాను. అధ్యక్షత వహించిన పెద్దాయన ముగింపులో నవ్వుతూ అన్నారు: "బాగానే ఉందమ్మా, కానీ ఇవన్నీ చిట్టా పద్దులు. బస్సుకెంత, గదికెంత, తాళం సరిగా పడిందా లేదా. ఇందులో సాహిత్యం ఎక్కడుంది?" సభ కూడా నవ్వింది. ఆయన మాటకు జవాబు వెతుక్కుంటూ పోతే మళ్ళీ క్రీడాభిరామం దగ్గరికే వచ్చాను.

ఆ నాటకంలో స్త్రీలు లేకపోలేదు, వీధి నిండా ఉన్నారు. అయితే చూసేవాళ్ళుగా లేరు, కనిపించేవాళ్ళుగా ఉన్నారు. మంచనశర్మ ఎవరి నడకను మెచ్చుకుంటే, ఎవరి ఒంటిని వర్ణిస్తే ఆ మేరకే వాళ్ళు మనకు తెలుస్తారు. వాళ్ళలో ఒకామె నన్ను వదిలిపెట్టదు. ఆమె వాద్యం వాయిస్తూ పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడుతోంది. మా ప్రాంతపు కథ, ఓరుగల్లు వీధిలో, ఒక స్త్రీ గొంతులో! పల్నాటి వీరగాథా సంప్రదాయం గురించి రాసేవాళ్ళు ఈ పద్యాన్ని ఆధారంగా చూపిస్తారు. ఆమె ఏ ఊరి మనిషి? ఓరుగల్లులో మొదటి రోజు ఎక్కడ పడుకుంది? పాటకు ఎన్ని రూకలు రాలాయి? వినుకొండ కవికి ఆ ప్రశ్న తట్టలేదు. ఇద్దరు మిత్రులు సరదాకి తిరిగారు, ఆమె బతుకుతెరువు కోసం నిలబడింది. పని ఉంది కాబట్టే ఆమెకు వీధిలో చోటు దొరికింది.

ఆమె పాడిన కథలోనైనా బయటికొచ్చిన స్త్రీకి దక్కిందేమిటి? గురజాల కొలువులో మంత్రిగా కూర్చున్న నాగమ్మ మీదనే యుద్ధపాపమంతా మోపారు. బ్రహ్మనాయుడికి భక్తులు ఏర్పడ్డారు. నాగమ్మకు మాత్రం 'ఆడదాని పెత్తనం' అనే నింద మిగిలింది. పల్నాటి ఆడపిల్లలు వినే మొదటి రాజకీయ పాఠం ఇది.

"ఏం పని మీద వచ్చావు?" అనే ప్రశ్న ఓరుగల్లుతో ముగియలేదు. వర్జీనియా వుల్ఫ్ 1927లో లండన్ వీధుల్లో సాయంత్రపు నడక గురించి వ్యాసం రాస్తూ పెన్సిల్ కొనుక్కోవాలనే నెపంతో ఇల్లు దాటింది. అంతటి రచయిత్రికీ ఒక పెన్సిల్ కావలసి వచ్చింది. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 'వై లాయిటర్' (2011)లో ముంబయి స్త్రీల గురించి చెప్పింది కూడా ఇదే. చేతిలో సంచీ, చెవి దగ్గర ఫోను, నడకలో తొందర ఉంటే, పని మీద వెళుతున్నట్టు కనిపిస్తే వీధి ఆమెను సహిస్తుంది. ఊరికే నిలబడితే సహించదు. నరసరావుపేట బస్టాండులో అరగంట ఊరికే కూర్చుని చూడండి, మీకే తెలుస్తుంది. మగవాడిని ఎవరూ ఏమీ అడగరు. మిమ్మల్ని మాత్రం ఇద్దరు ముగ్గురైనా "ఎవరికోసమమ్మా?" అని పలకరిస్తారు. అడిగేవాళ్ళలో నిజమైన దయ ఉన్నవాళ్ళూ ఉంటారు. ఆ దయ కూడా నిఘాలో భాగమే.

మన భాషనే చూడండి. 'ఒక్కడు' అంటే వీరుడు. 2003లో ఆ ఒక్క మాటే సినిమాకు పేరైంది. 'ఒక్కతె' అంటే మాత్రం వెంటనే జాలో అనుమానమో పుడుతుంది. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక'లో విద్యార్థినుల బృందంతో వెళ్ళిన అధ్యాపకురాలి చూపు ఉంది. అది స్త్రీల యాత్రా రచనలో పెద్ద అడుగు. ఎవరి తోడూ లేని అడుగు కోసం ఇంకా చాలాకాలం ఆగాల్సి వచ్చింది.

జపాన్‌కు వెళ్ళి అక్కడి స్త్రీల గురించి రాసిన తొలి భారతీయ మహిళల్లో ఢాకాకు చెందిన హరిప్రభ తకెదా ఒకరు. 1912లో జపాన్ దేశస్థుడైన భర్త వెంట అత్తవారింటికి వెళ్ళింది. 1915లో బెంగాలీలో పుస్తకం అచ్చు వేసింది. ఆమెకు లోకం చూసే వీలు కోడలు హోదాలో దొరికింది. అదే 1912లో టోక్యోలో ఏం జరిగిందో చూడండి. హిరత్సుక రైచో అంతకుముందు ఏడు మొదలుపెట్టిన 'సెయితో' స్త్రీల పత్రిక సభ్యులు మద్యం దుకాణానికి వెళ్ళారని, యోషివారా వేశ్యవాటిక చూసి వచ్చారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. మంచనశర్మ తిరిగిన వాడల లాంటి చోట్లే అవి. అతని తిరుగుడు మనకు కావ్యమైంది, వాళ్ళది అపవాదు అయింది.

ఇన్ని చదివాక, 2023 నవంబరులో ఒక సదస్సు కోసం ఒసాకా వెళ్ళినప్పుడు ఒక రోజు ముందుగానే దిగి, ఆ మొదటి రోజు పద్దును కావాలనే పూర్తిగా రాసుకున్నాను. అందులోంచి కొన్ని వరుసలు:

రైస్ ఉండ, లోపల ఉప్పులో ఊరిన పండు: 150 యెన్లు, మన డబ్బులో 85 రూపాయల లోపు. మెట్రో చిన్న టికెట్టు: 190 యెన్లు. షితెన్నోజీ గుడి ఆవరణ దాకా నడక: ఖర్చు లేదు. మహిళలకు మాత్రమే కేటాయించిన అంతస్తులో మంచం: మామూలు మంచం కంటే 600 యెన్లు ఎక్కువ. స్టేషన్‌లో మరుగుదొడ్డి: ఉచితం, శుభ్రం, నాలుగుసార్లు. మంచినీళ్ళు: తాగాలనిపించినప్పుడల్లా.

చివరి రెండు వరుసలు పెద్దాయనకు పద్దుల్లాగే కనిపిస్తాయి. మాచర్ల నుంచి హైదరాబాదు బస్సెక్కే ముందు గొంతు ఎండిపోతున్నా నీళ్ళు తాగని స్త్రీకి అవి అలా కనిపించవు. దాహమైతే నీళ్ళు తాగి ఊరు తిరగడం నాకు ఆ రోజు కొత్త అనుభవం. నదుల గురించీ, గుళ్ళ గురించీ ఎంతో రాసిన మన యాత్రా సాహిత్యం మూత్రాశయం గురించి రాయలేదు, ఎందుకంటే రాసినవాళ్ళకు గోడలు ఉన్నాయి.

ఆ 600 యెన్లు కూడా చిన్న సంగతి కాదు. తక్కువ ఖర్చు ప్రయాణం అనే మాటలో స్త్రీకీ పురుషుడికీ ఒకే అర్థం లేదు. అతను స్టేషన్ బెంచీ మీద రాత్రి గడిపి దాన్ని సాహసంగా రాసుకోగలడు. ఆమె స్టేషన్‌కు దగ్గరగా ఉన్న గదికి ఎక్కువ ఇస్తుంది, రాత్రి ఆటోకు ఎక్కువ ఇస్తుంది, కింది అంతస్తు వద్దని ఎక్కువ ఇస్తుంది. భద్రత పేరుతో ఆమె కట్టే ఈ పన్ను ఏ కావ్యవర్ణనలోనూ దొరకదు, చిట్టాలోనే దొరుకుతుంది. అందుకే ఒంటరి స్త్రీ యాత్రకు చిట్టా ఒక రచనా రూపం అని నేను వాదిస్తున్నాను.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు అమ్మ ఫోను చేసింది. నరసరావుపేటలో అప్పుడు సాయంత్రం ఆరు. "చీకటి పడకముందే గదికి చేరావా అమ్మా?" అని అడిగింది. ఒసాకాలో చీకటి పడి నాలుగు గంటలు దాటింది. చేరానని చెప్పాను. ఇక్కడి గడియారం నన్ను వదిలినా అక్కడి గడియారం వదలదని నా పుస్తకంలో రాసుకున్నాను. అది కూడా పద్దే.

అయితే జపాన్ స్త్రీలకు స్వర్గమని నేను చెప్పబోవడం లేదు. నేనెక్కిన మిడోసుజి లైన్‌లో మహిళలకు ప్రత్యేక బోగీ ఉంది. కిక్కిరిసిన రైళ్ళలో ఆడవాళ్ళను తడిమే మగవాళ్ళ వల్లే అలాంటి బోగీలు వచ్చాయి. అక్కడ అమ్మే ఫోన్లలో ఫొటో తీస్తే చప్పుడు రావడమూ దొంగచాటు ఫొటోల వల్లే. నాకు దొరికిన నిశ్చింత వెనక అక్కడి స్త్రీలు పడిన, పడుతున్న వేధింపు ఉంది. ఒంటరిగా తినడానికి వచ్చినవాళ్ళను అక్కడ 'ఒహితోరిసమ' అంటారు. ఒక్కరికి గౌరవవాచకం చేర్చిన మాట అది. స్త్రీవాద సామాజికవేత్త ఉఎనో చిజుకో ఒంటరి స్త్రీల వృద్ధాప్యం గురించి 2007లో రాసిన పుస్తకం పేరులో ఈ మాటనే వాడింది, ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. మనకు 'ఒక్కతె' ఉంది, 'ఒక్కరు గారు' లేదు.

ఇంకొక లెక్కా ఉంది. నేను దిగిన షిన్-ఇమామియా చుట్టుపక్కల చవక గదులు అసలు యాత్రికుల కోసం కట్టినవి కావు. అది కమగసాకి, రోజుకూలీల పేట. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శన నాటి నిర్మాణాలకు చెమటోడ్చిన కూలీలు ఉన్న చోటు. బసను సూచించే 'యాదొ' అనే మాటను తిరగేసి ఆ ఇరుకు గదులను 'దోయా' అన్నారు, మనుషులు ఉండదగ్గ బస కాదన్న వెటకారంతో. కూలీలు ముసలివాళ్ళయ్యాక ఆ చుట్టుపక్కలకు మాలాంటి వాళ్ళం వచ్చాం. నా చవకతనం ఎవరి పేదరికం మీద నిలబడిందో రాయకపోతే నా చిట్టా కూడా అబద్ధమే.

ఆ మాటకొస్తే, మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి మా పల్నాడు పొలాలకు వచ్చే స్త్రీలకూ ఒక మొదటి రోజు ఉంటుంది. తెలియని ఊరు, గుడారం, నీళ్ళ కోసం వెతుకులాట, చీకటి పడ్డాక బయటికి వెళ్ళాలంటే తోడు. వాళ్ళదాన్ని వలస అంటాం, నాదాన్ని యాత్ర అంటాం. వీథి నాటకంలో వాయిస్తూ పాడిన ఆమెను ఆ ఇద్దరు మిత్రులు చూసినట్టే మనం వాళ్ళను దారి పక్కన చూసి వెళ్ళిపోతాం. ఒక్కరుగా తిరగగలగడం నాకు చదువూ, ఉద్యోగమూ ఇచ్చిన వెసులుబాటు. వాళ్ళకు ఒంటరితనం కోరుకునే వీలే లేదు, గుంపే రక్షణ.

స్వర్ణ కిలారి సంపాదకత్వంలో వచ్చిన 'ఇంతియానం' లాంటి స్త్రీల యాత్రా సంకలనాలు ఇప్పుడు మన ముందున్నాయి. వాటిని చదివేటప్పుడు విమర్శకులుగా మనం వర్ణన ఎంత బాగుంది అనే కొలబద్ద ఒక్కటే వాడితే మంచనశర్మ కళ్ళతోనే చదువుతాం. ఎంత ఖర్చయింది, దేనికి ఎక్కువైంది, ఎవరికి ఫోను చేయాల్సి వచ్చింది, ఎక్కడ వెనక్కి తిరిగింది అనే ప్రశ్నలు కూడా వేద్దాం. విశ్వవిద్యాలయాల్లో యాత్రా సాహిత్యం బోధించే మిత్రులకు నాదొక సూచన. క్రీడాభిరామం చెప్పే వారమే విద్యార్థినులందరినీ తెలియని ఊళ్ళో తాము గడిపిన మొదటి రోజు లెక్క రాసి తీసుకురమ్మనండి. కోతలకు వచ్చే స్త్రీల దగ్గర కూర్చుని వాళ్ళ మొదటి రోజును వాళ్ళ మాటల్లోనే రాసుకు రమ్మనండి. రెండింటినీ పద్యం పక్కన పెట్టి చదవండి. రూక విలువ అప్పుడు సరిగ్గా తెలుస్తుంది.