అరువు బతుకుల కథలో దొంగ ఎవరు?

జపానులోని జిబ్లీ స్టూడియో 2010లో విడుదల చేసిన ‘కరిగురాషి నో అరియెట్టి’ పిల్లల బొమ్మల చిత్రమని పేరు. మనవంటివారు చూసి వాదులాడుకోదగిన చిత్రమని నా అభిప్రాయం. ‘కరిగురాషి’ అంటే అరువు బతుకు. ఒక పాత యింటి నేలకింద జానెడు కూడా లేని మనుషులు ముగ్గురు కాపురముంటారు: పాడ్, అతని భార్య హోమిలీ, పధ్నాలుగేళ్ళ కూతురు అరియెట్టి. పైవాళ్ళు నిద్రపోయాక ఒక చక్కెర బిళ్ళో, ఒక కాగితపు రుమాలో తెచ్చుకుని బతుకుతారు. దాన్ని వాళ్ళు అరువు అంటారు. యింటి పనిమనిషి హారు దొంగతనం అంటుంది.

మేరీ నార్టన్ 1952లో ఇంగ్లీషులో రాసిన నవల దీనికి మూలం. హయావో మియజాకి, కెయికో నివా దాన్ని జపానుకు మార్చి రాయగా హిరోమసా యొనెబయాషి దర్శకత్వం వహించాడు. 1960లలో మియజాకి తోయీ స్టూడియో కార్మిక సంఘ కార్యదర్శి. ఆ సంగతి తెలియని ప్రేక్షకుడికి కూడా యీ చిత్రంలో శ్రమపట్ల వున్న గౌరవం కనిపిస్తుంది. పాడ్ చేతులకూ కాళ్ళకూ జిగురు టేపు చుట్టుకుని బల్లకాలు ఎక్కే దృశ్యం చూడండి. గోడలో దిగిన మేకులే అతనికి మెట్లు. టీ ధారగా పడదు, ఒక్కొక్క బొట్టుగా బరువుగా రాలుతుంది. ఒక్క చక్కెర బిళ్ళ కోసం ఒక రాత్రంతా పని! శ్రమను యింత ఓపికగా చూపిన చిత్రాలు నేను ఎక్కువ చూడలేదు.

యింటికి వచ్చిన షో అనే కుర్రవాడు గుండెజబ్బు మనిషి, దయగలవాడు. ముత్తాత ఆ చిన్నవాళ్ళ కోసమే చేయించిన బొమ్మరిల్లు ఆ యింట్లో వుంది. ఒకనాడు అతడు వాళ్ళ యింటి కప్పు ఎత్తి, పాత వంటిల్లు పెకలించి, బొమ్మరింటి వంటిల్లు అమర్చిపోతాడు. వారిని అడిగాడా? లేదు. దానం వచ్చింది, కాపురం కూలింది. లోకంలో మనుషులు 670 కోట్లమంది, మీ జాతి అంతరించక తప్పదని అరియెట్టి మొగంమీదే చెప్పేదీ అతడే. మెత్తని కథలో యీ మాటలు కటువుగా వున్నాయని కొందరంటారు. నాకు మాత్రం చిత్రమంతటిలో అదే నిజమైన ఘట్టం. చావుభయంతో వున్నవాడు తనకంటే చిన్నవాళ్ళ చావును లెక్కకట్టి వూరట పొందుతున్నాడు. అరియెట్టి వూరుకోదు, ఎదురు చెబుతుంది.

నాకు పేచీ హారు దగ్గర వుంది. యింటి యజమానురాలు సదాకో సౌమ్యురాలు. హోమిలీని సీసాలో పెట్టేదీ, ఎలకలు పట్టేవాళ్ళను పిలిపించేదీ హారు. ఆ యింట్లో ఒక్క చెంచా కూడా ఆమెది కాదు. పరాయి సొత్తుకు అంత కరుకు కాపలా ఎందుకు కాస్తోంది? ఆమెదీ అరువు బతుకే కదా! యీ ప్రశ్న వేసివుంటే చిత్రం ఎంత ఎత్తుకు పోయేదో. నవలలోనూ యీ పని వంటమనిషి డ్రైవర్‌దే. దేశాన్నీ కాలాన్నీ మార్చినవారు దీన్ని మాత్రం మార్చలేదు. పిల్లల కథకు ఒక దుష్టపాత్ర కావాలి కదా అని మిత్రులు సమర్థిస్తారు. శత్రువుగా కనిపించిన పిల్లి చివరకు దారి చూపే నేస్తమయింది. పిల్లికి దొరికిన మార్పు పనిమనిషికి దొరకలేదు!

వీడ్కోలు ఘట్టం చాలా బాగుంది. మొదట షో యిచ్చిన చక్కెరను తిప్పి యిచ్చేసిన అరియెట్టి యీసారి తీసుకుంటుంది. బదులుగా తన జుట్టుకు పెట్టుకున్న క్లిప్పు అతని చేతిలో పెడుతుంది. తరవాత ఆ కుటుంబం ఒక కెటిల్ ఎక్కి ఏటివెంట సాగిపోతుంది. హారు మాత్రం, ఎవరూ లేని సీసాను చూపించబోయి యజమానురాలి ముందు నవ్వులపాలై, అక్కడే మిగిలిపోయింది.