చెయ్యి కంటే ముందు చెవి

పెట్రోలు కారులో ఇంజను మోత మిగతా చప్పుళ్ళన్నిటినీ కప్పేస్తుంది. ఎలక్ట్రిక్ కారులో ఆ ముసుగు లేదు. పెళ్ళి బాజాలు ఆగాక వంటింట్లో గిన్నె జారినా వినపడినట్టు, బేరింగు అరుగుదల, యాక్సిల్ టిక్కుమనడం, డాష్‌బోర్డు లోపల క్లిప్పు వణకడం అన్నీ బయటపడతాయి. వీటిలో కొన్ని జబ్బులు, కొన్ని ఆ బండి స్వభావం. ఏది ఏదో తేల్చడం ఒక విద్య. విశాఖపట్నం మద్దిలపాలెంలో హైవే వెనక సందులో చిన్న షెడ్డు నడుపుతున్న ఒక మేస్త్రీ దగ్గర ఆ విద్యను చూశాను. ఆ పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

"ఏం సౌండన్నది తర్వాత. ఎప్పుడొస్తాదో చెప్పండి" అంటాడాయన, బండి తెచ్చినవాళ్ళతో. కరకర, కిర్రు, హోరు అని ఒక్కొక్కరు ఒక్కోలా వర్ణిస్తారు. సమయం మాత్రం అబద్ధం చెప్పదు. ఎంత వేగంలో? ఎక్స్‌లరేటర్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా? కుడికి తిప్పితేనా, ఎడమకా? గతుకుల మీదా, నున్నటి రోడ్డు మీదా? ఏసీ వేసి ఉందా? ఒక్కో జవాబుతో అనుమానితుల జాబితాలో సగం కొట్టేసుకుంటూ పోతాడు. అప్పటికి స్పానరు పెట్టెలోనే ఉంటుంది.

నేను చూసిన కేసు ఒక హోరు. వేగం 40 దాటితే మొదలై, వేగంతోపాటు పెరుగుతోంది. మోటారు పోయిందని యజమాని బెంగ. పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఇసుకతోట, వెంకోజీపాలెం మీదుగా హనుమంతవాక వైపు తీసుకెళ్ళారు. 60లో ఉండగా మేస్త్రీ న్యూట్రల్‌కి మార్చాడు. హోరు తగ్గలేదు. న్యూట్రల్‌లోనూ మోటారు చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటుంది కనుక ఇది పూర్తి రుజువు కాదు. కానీ మోటారు మీద లోడు తీసేసినా శబ్దం మారలేదంటే చక్రాల వైపు చూడాలి. తర్వాత తారు మీద, కాంక్రీటు మీద నడిపి చూశాడు. టైరు శబ్దమైతే రోడ్డు మారగానే మారుతుంది. ఇది మారలేదు. ఆఖరున కుడివైపు వంపులో హోరు హెచ్చింది, ఎడమ వంపులో తగ్గింది. బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది. అంటే దోషం ఎడమవైపు.

షెడ్డుకొచ్చాక బండిని లేపి, ఎడమ ముందు చక్రాన్ని ఒక చేత్తో తిప్పుతూ రెండో చేతి వేళ్ళు సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించాడు. చెవికి అందని గరుకుదనాన్ని స్ప్రింగు వేళ్ళకు చేరుస్తుంది. నన్నూ పట్టుకోమన్నాడు. సన్నటి ఇసుక నలుగుతున్నట్టు తెలిసింది. కుడివైపు స్ప్రింగు నున్నగా ఉంది. అప్పుడు గాని స్పానరు బయటికి రాలేదు.

విప్పడంలోనూ అదే నిష్ఠ. కొత్త బేరింగును సుత్తితో కొట్టి దించరు, ప్రెస్సు మీద నొక్కుతారు. హౌసింగులోకి దించేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద పడితే బంతులు తిరిగే దారిలో సొట్టలు పడి, కొత్త బేరింగే హోరు మొదలుపెడుతుంది. యాక్సిల్ నట్టు కొత్తది వేసి, టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన కొలతకే బిగించాడు.

హోరు సులువైన కేసే. ఈల అంత తేలిగ్గా లొంగదు. ఎలక్ట్రిక్ కార్లలో సాధారణంగా మోటారు తొమ్మిది, పది చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 60 వేగంలో మోటారు నిమిషానికి 5,000 చుట్ల దగ్గర ఉంటుంది. గేరు పళ్ళ నుంచి పుట్టే ఈల వేగంతోపాటు శ్రుతి పెంచుకుంటూ పోతుంది. ఇన్వర్టర్ స్విచింగు నుంచి వచ్చే ఈల సాధారణంగా వేగం పెరిగినంత మాత్రాన శ్రుతి పెంచుకోదు. ఈ ఒక్క తేడాతో యంత్రానిదా, ఎలక్ట్రానిక్స్‌దా అన్నది చాలావరకు తేలుతుంది. ఎక్స్‌లరేటర్ వదిలి మళ్ళీ తొక్కినప్పుడు టిక్కుమంటే దారి వేరు. ఎక్స్‌లరేటర్ వదలగానే మోటారే బండిని నిదానింపజేసే రీజెన్ బ్రేకింగులో యాక్సిల్ మీద బలం దిశ తిరగబడుతుంది. హబ్బు దగ్గరి పళ్ళలో గాని, మోటారు మౌంటులో గాని ఉన్న వదులు ఆ క్షణంలో మాట్లాడుతుంది.

ఏ రోగమూ లేదని చెప్పి పంపడం ఈ మేస్త్రీ పనిలో నాకు మరీ నచ్చిన భాగం. స్టార్ట్ చెయ్యగానే వినపడే టక్కు, బ్యాటరీని కలిపే కాంటాక్టర్‌ది. ఫాస్ట్ ఛార్జింగులో వచ్చే గుర్రు, బ్యాటరీని చల్లబరిచే కంప్రెసర్‌ది. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు వినిపించి, వేగం పెరిగితే ఆగిపోయే ఊళ పాదచారుల కోసం కావాలని పెట్టింది. ఐరోపాలో 2019 జూలై నుంచి కొత్త మోడళ్ళకు 20 కిలోమీటర్ల వేగం వరకు ఆ హెచ్చరిక ధ్వని తప్పనిసరి. పొద్దున్న మొదటి బ్రేకుకు గరగరమంటే అది విశాఖ ఉప్పుగాలి పని. రీజెన్ వల్ల డిస్కులకు పని తక్కువ, రాత్రికి రాత్రే తుప్పు పొర కడుతుంది. నాలుగు బ్రేకులకు పోతే సరే. పోకపోతే ప్యాడ్లు, స్లైడర్ పిన్నులు విప్పి చూడాలి.

నారింజ రంగు కేబుళ్ళ దగ్గర ఆయన చెయ్యి ఆగిపోతుంది. వాటిలో సాధారణంగా 300 వోల్టులకు పైబడిన కరెంటు ఉంటుంది. వాటికి శిక్షణ పొందిన సర్వీస్ సెంటరుకే పొమ్మని, తాను తేల్చిందంతా కాగితం మీద రాసిస్తాడు. ఆ కాగితం వల్ల అక్కడివాళ్ళకు సగం వెతుకులాట తప్పుతుంది.

నిశ్శబ్ద యంత్రం విలువ ఈ ఊరికి ముందే తెలుసు. ఆర్కే బీచిలో ఉన్న ఐఎన్ఎస్ కురుసుర 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన డీజిల్ ఎలక్ట్రిక్ జలాంతర్గామి. నీటి అడుగున అది బ్యాటరీలతో, మోటార్లతో నడిచేది. అక్కడ ఒక్క వదులు భాగం చప్పుడైనా శత్రువు చెవిన పడొచ్చు. కారులో ప్రాణాపాయం అంత లేకపోవచ్చు, కానీ సూత్రం అదే: యంత్రం ఎంత నిశ్శబ్దమైతే ప్రతి చప్పుడూ అంత సమాచారం.

బిల్లులో మాత్రం బేరింగు ధర, బిగింపు కూలి, ఈ రెండే కనిపిస్తాయి. పూటంతా విన్నదానికి, మోటారును, గేర్లను, టైర్లను నిర్దోషులని తేల్చినదానికి అందులో వరస లేదు. నా దృష్టిలో అసలు పని అదే. మోటారు మార్చేయమనే తొందరపాటు సలహా నుంచి యజమానిని కాపాడింది ఆ వినడమే. కాబట్టి ఏమీ మార్చకుండా "ఇది మామూలేనండి" అని పంపిన రోజున కూడా ఆ మేస్త్రీకి కూలి ఇవ్వాలి, అడక్కముందే ఇవ్వాలి.