ఆరు పేర్లతో గీసిన జంతు ప్రపంచం

తిరుమల కొండల్లో రాతి నెర్రెల మధ్య బతికే బంగారు బల్లికి దగ్గరి చుట్టం చిత్తూరులోనో కడపలోనో కాదు, సముద్రం దాటి శ్రీలంకలో ఉంది. కాలోడాక్టైలోడెస్ అనే ఆ ప్రజాతిలో ఉన్నవి రెండే జాతులు: ఒకటి మన తూర్పు కనుమల్లో, రెండోది ఆ ద్వీపంలో. మన బల్లిని 1870లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు బెడ్డోమ్ ఈ తిరుపతి కొండల నుంచే శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అప్పటికి ఈ కొండలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. మగది మేలిమి పసుపు రంగు తేలుతుంది. వేళ్ల కొసల్లో జంటగా పరుచుకున్న మెత్తలుంటాయి, వాటితోనే నున్నటి బండను అంటిపెట్టుకుంటుంది. ఆడది గుడ్లనూ గుంపుగా రాతికే అతికిస్తుంది.

ఇలాంటి చుట్టరికాలు దేశాల పటాల్లో కనిపించవు. వాటిని చెప్పడానికి వేరే పటం, వేరే పేర్లు కావాలి. ఆ పేర్లు కూర్చిన పనితనం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

పక్షిశాస్త్రజ్ఞుడు ఫిలిప్ స్క్లేటర్ 1858లో ప్రచురించిన వ్యాసంలో పక్షుల ఆధారంగా భూమిని ఆరు మండలాలు చేశాడు. పేలియార్కిటిక్, నియార్కిటిక్, నియోట్రాపికల్ అనే మూడు పేర్లను ఎంత పొదుపుగా కట్టాడో చూడండి. పాత, కొత్త, ఉత్తరం, ఉష్ణం: ఈ నాలుగు ముక్కలతోనే మూడూ తయారయ్యాయి. యూరప్, ఉత్తర ఆసియాలది పాత ఉత్తరం, ఉత్తర అమెరికాది కొత్త ఉత్తరం. తోడేళ్లు, ఎలుగులు, దుప్పుల కుటుంబం రెండుచోట్లా ఉన్న సంగతి ఆ పేర్ల పోలికే గుర్తు చేస్తుంది. మిగతా మూడు ఇథియోపియన్, ఇండియన్, ఆస్ట్రేలియన్. వీటికి రెండో పేర్లు కూడా పెట్టాడు, వాటి ప్రకారం మనది పాత ఉష్ణమండలాల్లో నడిమిది. ఏ రాజు పేరూ వీటిలో లేదు.

ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1876లో రెండు సంపుటాల గ్రంథం రాసి, ఈ చట్రాన్ని పక్షుల నుంచి ఇతర జంతువులకూ విస్తరించాడు. మన మండలం మలయా ద్వీపాల దాకా సాగుతుంది గనక ఇండియన్ అన్న పేరు తీసేసి ఓరియంటల్ అన్నాడు. ఒక్కో మండలాన్నీ నాలుగేసి ఉపమండలాలుగా విభజించాడు. దక్షిణ భారతపు కొసనూ శ్రీలంకనూ ఒకే ఉపమండలంలో చేర్చడం ఆయన గొప్ప చూపు. ఆ చుట్టరికం తూర్పు కనుమల దాకా పాకిందని మన బల్లి సాక్ష్యం చెబుతుంది. తూర్పున మండలం ఎక్కడ ముగుస్తుందో ఆయన స్వయంగా తిరిగి చూశాడు. బాలి ద్వీపంలో కంసాలి పిట్టల జాతి, వడ్రంగి పిట్టలు ఉన్నాయి. ఇరుకు జలసంధి దాటి లాంబాక్‌లో అడుగుపెడితే అవి ఆయనకు కనిపించలేదు, కాకటూలు ఎదురయ్యాయి. ఆ రెండు పిట్టలూ శేషాచలం అడవిలోనూ ఉన్నాయి, అంటే మండలపు అంచున ఆయన చూసినవి మన ఊరి పిట్టల బంధువులే.

ఇదే స్క్లేటర్ మరో పేరూ పెట్టాడు, అది నిలవలేదు. రాయలసీమ అడవుల్లో రాత్రిపూట కొమ్మను పట్టుకుని నిమ్మళంగా నడిచే దేవాంగపిల్లి, మడగాస్కర్ లెమర్ల వంశానికి దగ్గరిది. నడుమ అంత సముద్రం ఉండగా ఇదెలా సాధ్యమని ఆలోచించి, 1864లో మునిగిపోయిన ఒక భూఖండాన్ని ఊహించి లెమూరియా అన్నాడు. ఖండాలే కదులుతాయని అప్పటికి రుజువు కాలేదు. వాలెస్ మొదట ఒప్పుకున్నా 1880 నాటికి కాదన్నాడు. లెమూరియా ఒక కారణాన్ని ఊహించింది, కారణం తప్పని తేలాక పేరుకు శాస్త్రంలో చోటు పోయింది. ఆరు మండలాల పేర్లు మాత్రం ఎక్కడ ఏముందో చెప్పి ఆగాయి. ఎందుకన్నది తరవాతి వాళ్లకు వదిలేశాయి. నా దృష్టిలో ఆ నిగ్రహమే వాటి బలం.

2013లో 21 వేలకు పైగా జాతుల పంపిణీని వంశవృక్షాలతో కలిపి లెక్కగట్టిన శాస్త్రజ్ఞులు మండలాలను పదకొండు చేశారు. సహారా-అరేబియా, చైనా-జపాన్, మడగాస్కర్ వంటివి విడిపోయాయి. ఓరియంటల్, పేలియార్కిటిక్, నియార్కిటిక్, నియోట్రాపికల్, ఆస్ట్రేలియన్ పేర్లు అలాగే ఉన్నాయి. మన డిగ్రీ జంతుశాస్త్రం పుస్తకాల్లో ఓరియంటల్ మండలానికి ఉదాహరణగా బంగారు బల్లినీ దేవాంగపిల్లినీ రాయాలని నా కోరిక. తిరుపతిలో చదివే పిల్లలకు ఆ రెండూ కొండెక్కేంత దూరంలోనే ఉన్నాయి.