‘ఇస్తే’ ఎటు పోయింది?

ఏడో తరగతికి చేదర్థకం చెప్పేటప్పుడు బోర్డు మీద నేను రాసే వాక్యం ఏళ్ల తరబడి ఒక్కటే: ‘వాన పడితే విత్తనాలు వేస్తాం.’ ‘పడితే’ను తుడిచేసి చదవమంటే పిల్లలు నవ్వుతారు. వాన పడకుండా ఎవరన్నా విత్తనాలు వేస్తారా సార్ అంటారు. మొదటి పని జరగకపోతే రెండో పని లేదు. పావుగంటలో అయిపోయే పాఠం అది.

మా దగ్గర ఓపెన్‌కాస్టు గని విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన రోజు షామియానా కింద ఒక మూల కూర్చుని, మావాళ్లు మాట్లాడిన మాటలు నోటుబుక్కులో రాసుకున్నాను. ‘ఇంటికో కొలువు ఇత్తే మాకు అడ్డేం లేదు.’ ‘అందరికీ ఒక్క కాడనే ఇండ్లు కట్టిత్తే పోతం.’ ‘పట్టా లేని పోడుకు గూడ పైసలు లెక్కగడితే సంతకం పెడతం.’ వరసకు నాకు అత్త అయ్యే ఒకామె ‘మా బాయిల నీళ్లు మళ్లొత్తే...’ అని, అక్కడే ఆగి మైకు తిరిగి ఇచ్చేసింది. ఆమె వాక్యం నా పుస్తకంలో ఇప్పటికీ సగమే ఉంది.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో వచ్చిన వార్త ఏమంటే, గని విస్తరణకు గ్రామస్తులు మద్దతు పలికారని.

అది అబద్ధమని నేను అనలేను. అడ్డం లేదన్న మాట మావాళ్ల నోటి నుంచి వచ్చిందే. రాసినాయన కొత్త మాట ఒక్కటీ కలపలేదు. ఉన్న వాక్యంలో ముందు సగం తీసేశాడు, అంతే. పదిహేను లైన్ల జాగాలో పది ఊళ్ల మాట పట్టించాలంటే ఏదో ఒకటి పోవాలి కాబట్టి ‘ఇత్తే’లు పోయాయి.

నా పేచీ ఆ విలేకరితో కాదు, మనతో. ఈ పదిహేనేళ్లలో ఓపెన్‌కాస్టు మీద మన చిన్న పత్రికల్లో, కవితా సంకలనాల్లో వచ్చినవి చేతికి దొరికినంత వరకు చదువుతూనే ఉన్నాను. వాటిలో ఒక ముసలాయన చెట్టును కౌగిలించుకుంటాడు. ఒక కుర్రవాడు పిడికిలి ఎత్తుతాడు. గనికి సరేనన్నవాడు మాత్రం దళారీ అయినా అవుతాడు, సీసాకు అమ్ముడుపోయినవాడైనా అవుతాడు. మూడోరకం మనిషి నాకు ఎక్కడా తగల్లేదు. మా చిన్నాయన దళారీ కాదు. సీసా ముట్టి చాలా ఏళ్లయింది. ఆయన మైకు పట్టుకుని ‘ఇత్తే’ అన్నాడు. మన కథలో ఆయన ఎక్కడ నిలబడాలి? పేపరు ఆయన వాక్యంలో మొదటి సగం తీసేస్తే, మన సాహిత్యం రెండో సగం పలకడానికి సిగ్గుపడి మొత్తం మనిషినే తీసేసింది. సింగరేణి కార్మికుల మీద అల్లం రాజయ్య, పి.చంద్ లాంటివాళ్లు రాసినవి గనిలో పనిచేసే మనిషిని మనకు దగ్గర చేశాయి. గని అంచున మిగిలిపోయిన మనిషిని రాయాల్సింది మనం. ఆ మనిషి ఎప్పుడూ పిడికిలి ఎత్తే ఉండడు.

విస్తరణ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. కొత్త గనికి సరేననడం, ఉన్న గని పెరగడానికి సరేననడం ఒకటి కాదు. కొత్త గని వచ్చేటప్పుడు ఊరు ఊరుగా ఉంటుంది. బావిలో నీళ్లుంటాయి, ఎండాకాలంలో తునికాకు కల్లం ఉంటుంది, ఇప్పపువ్వు ఏరడానికి తెల్లారుజామున పోయే దారి ఉంటుంది. విస్తరణ నాటికి వీటిలో సగం పోయి ఉంటాయి. పక్క ఊరు గుంతలోకి పోయి, మన ఊరు గుంత అంచుకు వస్తుంది. బ్లాస్టింగ్ వేళకు మా బడి పైకప్పు రేకులు అదురుతాయి. పిల్లలు చెవులు మూసుకోవడం కూడా మానేశారు. కాగితం మీద గీసిన గీత లోపల ఉన్నవాళ్లకు పరిహారం, గీత బయట ఉన్నవాళ్లకు దుమ్ము. అలాంటప్పుడు గీత బయటివాడు ఏమంటాడు? గీతను ఇంకాస్త జరపండి, మమ్మల్ని కూడా కలుపుకోండి అంటాడు. దానికి మద్దతు అని పేరు పెడితే పెట్టవచ్చు. చెలకలో పంట చచ్చాక కరువు కింద రాసుకోమని అడిగే రైతు కరువుకు మద్దతు ఇస్తున్నట్టా?

గని భాషలో ఓబీ అనే మాట ఉంది. మా పిల్లలకు కూడా తెలుసు, మట్టి గుట్టను చూపించి ఓబీ అంటారు. ఓవర్ బర్డెన్, అంటే బొగ్గు మీద ఉన్న బరువు. మన చెలక, ఇప్పచెట్టు, భూమి పండుగ చేసుకునే చోటు, తాతల రాళ్లు పాతిన జాగా, బొగ్గు దిక్కునుంచి చూస్తే ఇదంతా తీసి పక్కన పోయాల్సిన బరువే. ఆ మాటను మనమూ మామూలుగా వాడేస్తున్నాం. నేనూ వాడతాను.

ఇక కొలువు సంగతి. సింగరేణి అన్నది మొదట ఒక ఊరి పేరు. ఆ ప్రాంతంలో, ఇల్లెందు దగ్గర, 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. మా తాతల కాలం నుంచి గని అంటే కొలువు అన్న నమ్మకం ఉత్తగా పుట్టలేదు, భూగర్భ గనులకు మనుషులు కావాలి. ఓపెన్‌కాస్టుకు కావాల్సింది షవెళ్లు, డంపర్లు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు సుమారు 40 వేలు. అదే కాలంలో బొగ్గు దాదాపు మూడింతలు పెరిగి 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరింది. ఈ లెక్క ఎరిగినవాళ్లకు ‘ఇంటికో కొలువు ఇత్తే’ అన్న షరతు ఎంత దూరమో తెలుసు. వాన పడని ఏడు ‘వాన పడితే విత్తనాలు వేస్తాం’ అన్న వాక్యానికి అర్థం వేయమనే కదా.

ఇదే మాట చిన్నాయనతో అన్నాను. కొలువులు రావని తెలిసి కూడా ఇత్తే అని ఎందుకన్నావని. ‘ఒద్దంటే పక్కకు పెడతరు పంతులూ. ఇత్తే అంటే, ఏమియ్యాలె అని ఒక్క మాటన్నా అడగాలె గదా’ అన్నాడు. ముప్పై ఏళ్లు పంచాయితీల్లో కూర్చున్న మనిషి. మాటను ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలుసు. తెలియనిది నాకు.

ఎందుకంటే ఆ సభకు ముందు ఊరి తరఫున అర్జీ రాసింది నేనే. బడిలో నేర్పే లేఖా పద్ధతి ప్రకారం రాశాను. పైన గౌరవనీయులైన వారికి, కింద విషయం: గని విస్తరణకు మద్దతు తెలుపుట, షరతుల గురించి. మొదటి పేరాలో ‘మా గ్రామస్తులమందరం మద్దతు తెలుపుతున్నాము’ అని మర్యాదగా మొదలుపెట్టి, రెండో పేజీలో కొలువులు, ఇండ్లు, పోడు, నీళ్లు అంకెలు వేసి రాశాను. మంచి చేతిరాత. అందరూ మెచ్చుకున్నారు. తెలుగు వాక్యంలో షరతు ముందు వస్తుంది, ఒప్పుకోలు తర్వాత వస్తుంది. కోయలో మా చిన్నాయన చెప్పినా అంతే. నేను దాన్ని తిరగేశాను. ఒప్పుకోలును మొదటి పేజీలో పెట్టి, షరతును పేజీ తిప్పితే తప్ప కనిపించని చోట పెట్టాను. పేపరాయన కత్తెర పెట్టకముందే కోసే చోట గీత గీసి ఇచ్చింది నేను. టీచర్ ట్రైనింగులో నేర్చుకున్న పద్ధతి అది. పిల్లలకు ఇప్పటికీ అదే నేర్పుతున్నాను.

తోటి ఉపాధ్యాయులు తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి, ఎందుకంటే ఊళ్లో కాగితం రాసేది మనమే. ప్రజాభిప్రాయ సేకరణ 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద జరుగుతుంది. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వీడియో తీయాలి. ఇంతమంది ఉండాలన్న కోరం లేదు. అన్నిటికంటే ముఖ్యం, సభ చివర అక్కడ వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని అందరికీ చదివి వినిపించి, స్థానిక భాషలో వివరించాలి. మా సభలో అది చదివేసరికి పొద్దు వాలింది. ఊళ్లకు పోయే ట్రాక్టర్లు హారన్లు కొడుతున్నాయి, వినడానికి ఇరవై మంది కూడా లేరు. నేనూ లేను, బస్సు పోతుందని లేచి వచ్చేశాను. స్థానిక భాష అంటే మా దగ్గర కోయ కూడానని అడగాల్సినవాళ్లలో నేను మొదటివాణ్ణి.

అభిప్రాయం వేరు, సంప్రదింపు వేరు, సమ్మతి వేరు. ఆ సభ అభిప్రాయం వరకే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని 1996 పెసా చట్టం అంటుంది. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కి ముందస్తు సమ్మతి ఉండాలంటుంది. అయితే బొగ్గు భూముల కోసం 1957లో చేసిన చట్టం కింద తీసుకుంటే ఆ సెక్షన్ వర్తించదు, పరిహారం, పునరావాసం నిబంధనలే వర్తిస్తాయి. ఏ చట్టం కింద తీసుకుంటున్నారన్నది మొదట అడగాల్సిన ప్రశ్న. ఇంకొకటి: కొత్త భూమి తీసుకోకుండా ఉన్న గనిలోనే 50 శాతం దాకా ఉత్పత్తి పెంచుకోవడానికి, షరతులకు లోబడి, మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా 2022లో కేంద్రం వీలు కల్పించింది. ‘ఇత్తే’ అనడానికి దొరికే ఆ ఒక్క మైకు కూడా అన్నిసార్లూ దొరకదన్నమాట.

యువకులు నన్ను నియమగిరి గురించి అడుగుతారు. వాళ్లు వద్దన్నారు కదా, మనం ఎందుకు అనలేకపోయాం అని. 2013లో ఒడిశాలో జిల్లా జడ్జి పరిశీలకుడిగా ఉండగా 12 గ్రామసభలు జరిగాయి, 12కు 12 బాక్సైట్ గనిని కాదన్నాయి. గర్వపడాల్సిందే. కానీ అక్కడ అడిగిన ప్రశ్న చూడండి. ఆ కొండ మీద మీకున్న హక్కులేమిటి, మీ దేవుడి సంగతేమిటి అని సుప్రీంకోర్టు గ్రామసభలనే తేల్చమంది. కొండ ఇంకా తవ్వలేదు. మా దగ్గర అడిగిన ప్రశ్న మీకేం కావాలని. ఏం కావాలని అడిగితే జవాబు ‘ఇత్తే’తోనే మొదలవుతుంది. నియమగిరిని చూపించి మా అత్తను సిగ్గుపడమనడం నాకు ఒప్పదు.

పోయిన నెల చిన్నాయన మళ్లీ వచ్చాడు, ఇండ్ల సంగతి మీద ఇంకో కాగితం రాయమని. ఈసారి రాసే ముందు పాత అర్జీ నకలు తీసి, దాన్ని కోయలో చెప్పి వినిపించాను. ‘మద్దతు తెలుపుతున్నాము’ దగ్గర నాకు మాట తట్టలేదు. ఆగిపోయాను. ఆయన అందుకుని ఇండ్ల నుంచి మొదలుపెట్టి, పోడు, బావులు, కొలువులు అన్నీ వరసగా చెప్పి, ఇవన్నీ అయినాక అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. అలాగే రాశాను. ‘విషయం’ అన్నచోట ఏం రాయాలో తోచక ఖాళీ వదిలి, ఆయన వేలిముద్ర తీసుకున్నాను.