తొందరలేని నవ్వు

లారెల్, హార్డీల అభిమానులు నలుగురు ఒకచోట చేరితే వాదన తప్పదు. మూకీలే గొప్పవంటారు ఒకరు, టాకీ లఘుచిత్రాలంటారు మరొకరు, పూర్తి నిడివి సినిమాలంటారు ఇంకొకరు. 1941 తర్వాతి వాటినైతే చాలామంది లెక్కలోకే తీసుకోరు. నా దృష్టిలో ఈ కాలాలను విడదీసే గీత ఒక్కటే: ఒక హాస్యఘట్టాన్ని ఎంతసేపు సాగనివ్వాలో ఎవరు నిర్ణయించారన్నది.

ఇంగ్లండులో పుట్టిన స్టాన్ లారెల్, అమెరికాలోని జార్జియాలో పుట్టిన ఆలివర్ హార్డీ 1927లో హాల్ రోచ్ స్టూడియోలో జంటగా స్థిరపడ్డారు. అప్పటి మూకీ హాస్యమంటే పరుగులు, తరుముకోవడాలు. వీళ్లు వచ్చి ఆ పరుగును ఆపేశారు. ‘బిగ్ బిజినెస్’ (1929) చూడండి. ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ చెట్లు అమ్ముతుంటారు ఇద్దరూ. ఒక ఇంటి యజమాని (నటుడు జేమ్స్ ఫిన్లేసన్) వద్దంటాడు. వదలకపోయేసరికి చెట్టును కత్తిరించేస్తాడు. వీళ్లు ఆయన తలుపు పాడుచేస్తారు. ఆయన కారు మీద పడతాడు, వీళ్లు ఇంటి మీద పడతారు. ఇందులో ఒక నియమం ఉంది. ఒకడు ధ్వంసం చేస్తుంటే రెండోవాడు అడ్డుపడడు. నిలబడి చూస్తాడు, ఆలోచిస్తాడు, తర్వాత తన వంతు తీసుకుంటాడు. పక్కనే పోలీసు నింపాదిగా పుస్తకంలో రాసుకుంటుంటాడు. కోపం ఇంత మర్యాదగా వంతులవారీగా నడవడం వల్లే మనకు నవ్వాగదు.

మాట వచ్చాక చాలామంది మూకీ నటులు తడబడ్డారు. వీళ్లకు శబ్దం కొత్త పనిముట్టయింది. పడిపోవడం చూపించనక్కర్లేదు, చప్పుడు వినిపించి రెండోవాడి ముఖం చూపిస్తే చాలు. హార్డీ నేరుగా కెమెరాలోకి చూసే ఆ చూపు, టై కొస ఆడించడం, స్టాన్ తల గోక్కుంటూ ఏడ్చే ఏడుపు ఇక్కడే పండాయి. ‘ది మ్యూజిక్ బాక్స్’ (1932)లో కథంతా పొడవాటి మెట్ల మీదుగా పియానో మోయడమే. అది దొర్లిపోయినప్పుడల్లా పెట్టెలోంచి తీగలు మోగుతాయి. పైకి చేరాక, చుట్టూ తిరిగి వచ్చే రోడ్డు ఉందని పోస్టుమాన్ చెబుతాడు. పియానోను మళ్లీ కిందికి దించి, రోడ్డు మీదుగా తెస్తారు! ఆ సినిమాకు ఆస్కార్ వచ్చింది. నా ఓటు ఈ కాలానికే.

ఈ లయను నిర్ణయించింది స్టానే. షూటింగ్ కాగానే హార్డీ గోల్ఫ్ ఆడటానికి వెళితే, స్టాన్ ఎడిటింగ్ గదిలో కూర్చునేవాడు. ప్రివ్యూలో జనం ఎంతసేపు నవ్వారో గమనించి, ఆ నవ్వులో తర్వాతి మాట మునిగిపోకుండా ఖాళీ వదిలేవారు. ఇవాళ ఒంటరిగా టీవీలో చూసేవాళ్లకు సాగదీసినట్టు తోచే క్షణాలు హాలు నవ్వు కోసం వదిలినవే.

పూర్తి నిడివి సినిమాల్లో ప్రేమకథలు, పాటలు వచ్చి ఆ లయను కొంత చెడగొట్టాయి. ‘సన్స్ ఆఫ్ ద డెజర్ట్’ (1933), ‘వే అవుట్ వెస్ట్’ (1937) మాత్రం నిలిచాయి. మొదటిదాని పేరే అభిమానుల అంతర్జాతీయ సంఘానికి పెట్టుకున్నారు.

1940 తర్వాత రోచ్‌ను వదిలి ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్, ఎంజీఎంలలో పనిచేశారు. కథ ఇతరులది, ఎడిటింగ్ ఇతరులది. స్టాన్ కేవలం నటుడయ్యాడు. రోచ్ దగ్గర తెల్లటి మేకప్ ముఖాలను పసితనంతో నింపేది. ఇక్కడి సహజమైన మేకప్‌లో వయసు కనిపించింది. పిల్లల్లాంటి అమాయకులు కాస్తా జాలిపడాల్సిన వృద్ధులయ్యారు. యుద్ధకాలంలో ఆ సినిమాలు డబ్బు చేసుకున్నాయి, నిజమే. ‘జిట్టర్‌బగ్స్’ (1943)లో హార్డీ నటన చూస్తే ఆయనలో సత్తా తగ్గలేదని తెలుస్తుంది. కాబట్టి ఆ కాలాన్ని తిట్టేటప్పుడు నటులను తిట్టకూడదు.

తెలుగు సినిమా హాస్యనటులు రేలంగి, రమణారెడ్డిల జంటను లారెల్, హార్డీలతో పోల్చడం మనకు అలవాటే. లావు, సన్నం దగ్గరే ఆ పోలిక ఆగిపోతే రెండు జంటలకూ అన్యాయం.

కొత్తగా చూసేవాళ్లు ‘బిగ్ బిజినెస్’తో మొదలుపెట్టి, ‘ది మ్యూజిక్ బాక్స్’, ఆ తర్వాత ‘సన్స్ ఆఫ్ ద డెజర్ట్’ చూడండి. ఒక్కరే కాకుండా పదిమందిని కూర్చోబెట్టుకుని చూడండి.