ఆట తెరకు ఏ ఇంజిన్? సీఈఎఫ్, ఆర్‌ఎంఎల్‌యూఐల పోలిక

మార్కాపురం పలకల పరిశ్రమ మీద పిల్లలకో కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నామనుకుందాం. రాయి తవ్వడం, పొరలుగా చీల్చడం, కోయడం, చట్రం బిగించడం అందులో అంచెలు. మెనూలు, స్కోరు, పటంలో ఊళ్లు, నదుల పేర్లు అన్నీ తెలుగులోనే. ఆడేది గిద్దలూరు వైపు బడుల్లో ఉండే పాత కంప్యూటర్ల మీద. ఈ తెరలను హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ తరహాలో రాసుకోవాలంటే ఉచితంగా దొరికే ఇంజిన్లలో సీఈఎఫ్, ఆర్‌ఎంఎల్‌యూఐలను పోల్చి చూడాలి.

సీఈఎఫ్ అంటే క్రోమియం బ్రౌజర్‌ను మన ప్రోగ్రాంలో ఇముడ్చుకునే ఏర్పాటు. మార్షల్ గ్రీన్‌బ్లాట్ 2008లో మొదలుపెట్టారు. ఆటలు అమ్మే స్టీమ్ క్లయింట్ వాడేది దీన్నే. ఆర్‌ఎంఎల్‌యూఐ అసలు బ్రౌజరే కాదు. లిబ్‌రాకెట్ నుంచి పుట్టిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ. హెచ్‌టీఎంఎల్‌ను పోలిన భాష చదువుతుంది గానీ జావాస్క్రిప్ట్ నడపదు.

బరువులో రెండింటికీ పొంతనే లేదు. సీఈఎఫ్ ప్రధాన ఫైలు ఒక్కటే 100 ఎంబీ దాటుతుంది. ఆటతోపాటు దాని ప్రాసెస్‌లూ విడిగా నడుస్తుంటాయి. సీఈఎఫ్ తెరను మెమరీలో గీసి ఆటకు అందించే మామూలు ఆఫ్‌స్క్రీన్ పద్ధతిలో 1920×1080 తెర ఒక్క ఫ్రేముకు సుమారు 8.3 ఎంబీ. తెరంతా సెకనుకు 60 సార్లు మారితే దాదాపు 500 ఎంబీ కాపీ చేయాలి. జీపీయూ టెక్స్చర్‌ను నేరుగా పంచుకునే దారి ఉంది గానీ, దానికి గ్రాఫిక్స్ డ్రైవర్లు సహకరించాలి. ఆర్‌ఎంఎల్‌యూఐ తెర బొమ్మను పంపదు. త్రిభుజాల జాబితా ఇస్తుంది, గీసుకునేది ఆట ఇంజినే.

అక్షరాల దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. క్రోమియంలో అక్షరాల రూపాలను కూర్చే లైబ్రరీ హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి గిద్దలూరులో ద వత్తు, గుండ్లకమ్మలో ల వత్తు, మ వత్తు వాటి చోట అవి కూర్చుంటాయి. ఆర్‌ఎంఎల్‌యూఐతో వచ్చే ఫాంట్ ఇంజిన్ అక్షరాలను వరసగా పేర్చుకుంటూ పోతుంది. అవే పేర్లు 'గిద్‌దలూరు', 'గుండ్‌లకమ్‌మ' అని పొల్లులతో విడిపోతాయి. పలక మీద పిల్లలు అలా రాస్తే అయ్యవారు ఊరుకోరు. హార్ఫ్‌బజ్‌తో సొంత ఫాంట్ ఇంజిన్ తగిలిస్తే ఈ లోపం తీరుతుంది. అందుకు నమూనా ఆ ప్రాజెక్టులోనే ఉంది. ఆ పని ఒక్కసారి చేసుకుంటే చాలు. సీఈఎఫ్ బరువు మాత్రం ఆట తెరిచిన ప్రతిసారీ మోయాల్సిందే.

ఆటలో బయటి వెబ్ పేజీలు, లాగిన్‌లు, చెల్లింపులు ఉంటే సీఈఎఫ్ తప్పదు. అప్పుడు క్రోమియం భద్రతా అప్‌డేట్లను వెంటవెంటనే అందుకునే బాధ్యత కూడా మనదే. తెరలన్నీ మనం రాసుకున్నవే అయితే హార్ఫ్‌బజ్ జోడించిన ఆర్‌ఎంఎల్‌యూఐదే పైచేయి. ఏది ఎంచుకున్నా, డెమోలో ఇంగ్లిష్ మెనూ చూసి ఖాయం చేయకండి. ముందు మీ ఊరి పేరు అందులో రాసి చూడండి.